జహేజ్ కారు ముబారక్, చేతి కారు ఇస్రాఫా?



పోయిన నెల ఒక వలీమా దావత్‌లో నా కారు మీద ఫత్వా పడింది. ఇచ్చినాయన ముఫ్తీ సాబ్ కాదు. మా ఖాలా బిడ్డ షౌహర్, నాకు వరసకు దుల్హా భాయ్. దస్తర్‌ఖాన్ మీదికి ఖుబానీ కా మీఠా వచ్చే టైముకు పది మంది వింటుండగా అడిగాడు.

"మియా, ఆ పాత డబ్బా మీద ఇప్పటిదాకా ఎంత పెట్టినవ్?"

నేను హిసాబ్ దాచే మనిషిని కాదు. చెప్పాను.

"తౌబా! ఇది ఇస్రాఫ్. కయామత్ నాడు జవాబ్ ఇచ్చుకోవాలె, యాదుంచుకో."

చుట్టూ కూర్చున్న బుజుర్గులు తలలూపారు. ఒకాయన "గడ్డం తెల్లబడ్డది, ఇంకా కార్లతోని ఆటలేంది" అన్నాడు. నేను ఊరుకున్నాను, దావత్ ఆయన ఇంటిది. పెళ్లయింది ఆయన పెద్ద కొడుక్కే. చేతులు కడుక్కుని బయటికొస్తే షాదీఖానా గేటు ముందు కొత్త తెల్ల కారు, బానెట్ మీద పూలు, అద్దానికి రిబ్బన్. అమ్మాయి వాళ్ళు ఇచ్చింది. వచ్చిన ప్రతివాడూ దాని మీద చెయ్యేసి "మాషా అల్లాహ్" అంటున్నాడు. దాని కోసం అమ్మాయి తండ్రి ప్లాట్ అమ్ముకున్నాడని బస్తీలో అందరికీ తెలుసు. ఇస్రాఫ్ అన్న లఫ్జ్ మాత్రం ఆ గేటు దగ్గర ఒక్కరి నోటా రాలేదు.

కోపం తగ్గాక రాద్దామని ఆగాను. నెల అయింది, తగ్గలేదు. దుల్హా భాయ్ ఈ బ్లాగు చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

ముందు ముల్జిమ్‌ను హాజర్ చేస్తాను. నా కారు 2001 మోడల్ హోండా సిటీ, 1.5 వీటెక్. సిటీ మన దేశానికి వచ్చింది 1998లో. దాంట్లో ఈ వీటెక్ రకం 106 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ రోజుల్లో మధ్యతరగతి సెడాన్లలో అది గట్టి లెక్క. అందుకే ఇప్పటికీ శౌకీన్ వాళ్ళు దాని కోసం ఊళ్ళు తిరుగుతారు. నెంబర్ ప్లేట్ ఏపీ 01. ఉమ్మడి రాష్ట్రంలో 01 అంటే మన ఆదిలాబాదే. తర్వాత టీఎస్ 01 అయింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 01. రాష్ట్రం పేరు పలకల మీద రెండుసార్లు మారింది, నా కారు ఇంకా మొదటి పేరుతోనే తిరుగుతోంది.

2015లో 90 వేలకు కొన్నాను. ఒక షెడ్డులో, టైర్లలో గాలి లేకుండా, సీటు కింద ఎలుక గూడుతో దొరికింది. ఈ పదేళ్ళలో దాని మీద పెట్టింది 3 లక్షల 10 వేలు. పెట్రోలు, బీమా కలపలేదు. ప్రతి రూపాయీ నోట్‌బుక్‌లో ఉంది. చదివింది ఉర్దూ మీడియం కాబట్టి హిసాబ్ ఇప్పటికీ ఉర్దూలోనే రాస్తాను. తెలుగులో డిగ్రీ చేసి, తెలుగులో వార్తలు రాసి బతుకుతున్నా, డబ్బు లెక్క మాత్రం కుడి నుంచి ఎడమకే నడుస్తుంది. మొత్తం నాలుగు లక్షలు, పదేళ్ళకు. షాదీఖానా ముందు నిలబడ్డ తెల్ల కారు ఆన్‌రోడ్ ధర దానికి దగ్గర దగ్గర మూడింతలు, ఒక్క రోజుకు.

ఈ శౌక్ నాకు తెచ్చిన తక్లీఫ్‌లు మొదట చెప్తాను, లేకపోతే ఇస్తిహార్ రాస్తున్నానని అనుకుంటారు.

పాత కారులో ముందు చచ్చేది రబ్బరు. మన ఆదిలాబాద్ ఎండ సంగతి మీకు చెప్పాలా! మే నెలలో బోనెట్ కింద, చలికాలం తెల్లవారుజామున సింగిల్ డిజిట్ చలిలో, అదే రబ్బరు ఇరవై ఏళ్ళు కాగి, గడ్డకట్టి, చివరికి పెంకులా పగులుతుంది. సస్పెన్షన్ బుష్‌లు అన్నీ పోయాయి. ఇంజిన్ మౌంటింగులు పోయాయి. పెట్రోలు పైపులు చెమ్మగిల్లాయి. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్న ఈ రోజుల్లో పాత రబ్బరు పైపును నమ్మడం ఖతర్నాక్, అన్నీ మార్పించాను. ఈ సామాన్ మన ఊళ్ళో దొరకదు. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణీగంజ్ తిరగాలి, మూడొందల కిలోమీటర్లు. లేదా ఇటు పెన్‌గంగ దాటి నాగ్‌పూర్ పోవాలి, రెండొందల కిలోమీటర్లు. రెండుచోట్లా "అగలే హఫ్తే ఆయియే" అన్నదే జవాబు. ఒక చిన్న బుష్ కోసం కారు నలభై రోజులు జాకీల మీద నిలబడింది.

ఒక ఆన్‌లైన్ దుకాణం వాడు పెద్ద కంపెనీ డబ్బాలో నకిలీ బ్రేక్ ప్యాడ్లు పంపాడు. గుడిహత్నూర్ దాటాక బ్రేకు తొక్కితే కారు ఆగకుండా ఆలోచించింది. ముందు ఉన్న లారీకి, నాకు మధ్య ఒక చెయ్యెత్తు జాగా మిగిలింది. ఆ రోజు రెండు రకాత్‌లు షుక్రానా నమాజ్ చదివి, ఆ ప్యాడ్లను గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. ఇంకోసారి మ్యూజిక్ సిస్టమ్ పెట్టించబోతే కుర్రాడొకడు ఫ్యూజ్ లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగాడు. డాష్‌బోర్డు కింద పొగ వచ్చింది. కొత్త వైరింగ్ అంతా రిలే పెట్టి, ఫ్యూజ్ పెట్టి మళ్ళీ చేయించేసరికి రెండు నెలల ఖర్చు ఆవిరైంది.

మరి ఇంత తక్లీఫ్ దేనికి? ఇప్పుడు లజ్జత్ చెప్తాను.

ఫజర్ చదివి బయల్దేరితే గుడిహత్నూర్, ఇచ్చోడ, నేరడిగొండ మీదుగా మహబూబ్ ఘాట్. టేకు చెట్ల మధ్య మలుపులు. తక్కువ ఆర్‌పీఎంలో వీటెక్ ఇంజిన్ బక్రీలా సాదుగా ఉంటుంది, వాల్వులు కొద్దిగానే తెరుచుకుంటాయి. ఒక హద్దు దాటగానే ఆయిల్ ప్రెషర్‌తో లోపల ఒక పిన్ను కదులుతుంది, క్యామ్ మీద ఉన్న పెద్ద బుగ్గ పని అందుకుంటుంది, గాలి తెచ్చే వాల్వులు ఎక్కువ లోతుకు, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. ఇంజిన్ గొంతు మారుతుంది. దాని కోసం నూట ఇరవైలో పోనక్కర్లేదు. రెండో గేరులో, ఘాట్ ఎక్కేటప్పుడు, స్పీడ్ లిమిట్ లోపలే ఆ గొంతు వినిపిస్తుంది. కొత్త బుష్‌లు, మంచి షాకప్సర్లు, అసలైన ప్యాడ్లు వేసిన కారు మలుపులో ఊగదు, నువ్వు స్టీరింగ్‌కు ఎంత చెప్తే అంతే వింటుంది. ఆ మలుపులో బిగించిన ప్రతి బోల్టూ నాకు పేరుపేరునా తెలుసు.

రెండో లజ్జత్ ఇంకా పెద్దది. జుమ్మా రోజు అసర్ తర్వాత కారు కింద నేను పడుకుంటే నా బిడ్డ టార్చి పట్టేది. ఇంగ్లీషు మీడియం పిల్ల. ఉర్దూ నేర్చుకో అని అయిదేళ్ళు బతిమాలినా "రేపు అబ్బా" అనేది. ఒకరోజు "పోయిన ఏడు ఆయిల్ ఎన్ని లీటర్లు పోసినం?" అని అడిగింది. నోట్‌బుక్ చేతికిచ్చి చూసుకో అన్నాను. చదవలేకపోయింది. ఆ పౌరుషానికి మూడు నెలల్లో అలిఫ్ బే నేర్చుకుంది. నా బిడ్డ ఉర్దూలో మొదట కూడబలుక్కుని చదివిన మాట "ఇంజిన్ ఆయిల్, సాఢే తీన్ లీటర్". దీన్ని ఇస్రాఫ్ ఖాతాలో ఎట్లా రాయమంటారు, దుల్హా భాయ్?

ఇప్పుడు అసలు బహస్‌కు వస్తాను.

ఇస్రాఫ్ హరామ్. అందులో నాకు ఇఖ్తిలాఫ్ లేదు. వజూలో నీళ్ళు జాస్తి పారబోయడం కూడా ఇస్రాఫే అని చిన్నప్పుడు మక్తబ్‌లో నేర్చుకున్నాం. కాకపోతే ఇస్రాఫ్‌ను తూచే తరాజూ ఒకటే ఉండాలి. నా తరాజూ ఇది. ఈ డబ్బు హలాల్ కమాయీ నుంచి వచ్చిందా? జకాత్, పిల్లల ఫీజు, అమ్మీ దవాఖానా ఖర్చు, ఇంట్లో కిరానా, వీటి తర్వాత మిగిలిన దాంట్లో నుంచి తీశానా? దీని కోసం ఎవరి హక్కైనా కొట్టానా? దీనివల్ల పడోసికి తక్లీఫ్ అయిందా? ఈ నాలుగు సవాళ్ళకు నా కారు నిలబడి జవాబు చెప్తుంది, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కటీ కింద ఒప్పుకుంటాను.

అదే నాలుగు సవాళ్ళు జహేజ్ కారును అడగండి. అది ఎవరి కమాయీ? ఎవరి ప్లాట్? ఇద్దరు చెల్లెళ్ళున్న ఇంట్లో పెద్దమ్మాయి కారుకు ఉన్న భూమి అమ్మితే, చిన్నవాళ్ళ హక్కు ఏమైంది? నికాహ్‌లో ఇవ్వాల్సింది మెహర్, ఇవ్వాల్సినవాడు మగవాడు. దాన్ని తలకిందులు చేసి ఆడపిల్ల తండ్రి చేతి నుంచి తీసుకుంటున్నాం. దేశ చట్టం కూడా 1961 నుంచి దాన్ని జుర్మ్ అంటోంది. షరియత్ ఒప్పుకోని, కానూన్ ఒప్పుకోని కారుకు పూలదండ. నా జీతంలో, నా చేతుల్తో బాగు చేసుకున్న కారుకు జహన్నుమ్ ధమ్కీ. ఇదేం ఇన్సాఫ్?

"వాళ్ళు ఖుషీతో ఇచ్చారు" అంటారు. ఖుషీతో ఇచ్చినవాడు రిజిస్ట్రీ ఆఫీసులో అంత ఏడుపు మొహంతో నిలబడడు.

ఇక నా నౌజవాన్ భాయిలు. వాళ్ళ సంగతీ చెప్పకుండా వదిలితే ఇది ఒంటికంటి బహస్ అవుతుంది. మామూ బుజుర్గులను బాగా కడిగాడని మీరు సంతోషపడకండి, మీ వంతు వచ్చింది.

భుక్తాపూర్ నుంచి బొక్కల్‌గూడ దాకా రాత్రి పదకొండుకు ఫట్‌ఫట్ అని తుపాకులు పేల్చుకుంటూ పోయే బండ్లు ఎవరివి? నేను రిపోర్టర్‌ని. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించే ఫొటోలు మన తెలంగాణ పట్టణాల నుంచి ఎన్ని వచ్చాయో నాకు తెలుసు. బండ్లు విడిపించుకోవడానికి స్టేషన్ల బయట నిలబడ్డ తల్లుల్లో మన బుర్ఖాలు ఎన్ని ఉంటాయో కూడా చూశాను.

నా గునాహ్ ఒప్పుకుంటానన్నాను కదా. 2017లో నేనూ అదే పని చేశాను. ఒక వెల్డింగ్ షాపులో సైలెన్సర్ కోయించి లావు పైపు పెట్టించాను. పెద్ద గొంతు వస్తే పెద్ద మొనగాణ్ణని అనుకున్నాను, నలభై దగ్గర పడ్డ మనిషిని! నాలుగో రోజు రాత్రి పక్కింటాయన వచ్చాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. "భాయ్, అమ్మీకి మొన్ననే గుండె ఆపరేషన్ అయింది. మీ బండి చప్పుడుకు లేచి కూర్చుంటున్నది. బురా మత్ మానో" అన్నాడు. నేను సలాం కూడా సరిగా చెప్పలేకపోయాను. తెల్లారి పోయి పాత సైలెన్సర్ బిగించుకుని వచ్చాను. ఆ పైపుకు పెట్టిన ఏడువేల ఐదు వందలు నా నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో ఉన్నాయి. పక్కన "ఇస్రాఫ్" అని నేనే రాసుకున్నాను. దుల్హా భాయ్ అడిగితే ఆ పేజీ చూపించేవాణ్ణి.

హజ్రత్ లుక్మాన్ తన కొడుక్కి చేసిన నసీహత్ మన పిల్లలకు మక్తబ్‌లో చెప్తారు. భూమి మీద అకడ్‌తో నడవకు, గొంతు తగ్గించు, గొంతులన్నిటిలో బురా గొంతు గాడిదది అని ఆ నసీహత్ సారాంశం. సైలెన్సర్ కోసేముందు ఆ ఒక్క సబక్ యాద్ చేసుకుంటే చాలు. ఎవడి చేతిలో పడోసికి అమాన్ లేదో వాడి ఈమాన్ మీదే హదీస్‌లో సవాల్ ఉంది.

దీన్‌ను పక్కన పెట్టి ఇంజిన్ లెక్కన చూసినా ఆ చప్పుడుతో ఫాయిదా లేదు. చిన్న పెట్రోలు ఇంజిన్‌కు సైలెన్సర్ పీకేస్తే బలం పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది, చక్రానికి అందదు. కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది కూడా. నిజంగా బలం పెంచాలంటే లోపలికొచ్చే గాలి, పెట్రోలు, నిప్పు రవ్వ పడే టైము, బయటికి పోయే పొగ, నాలుగింటినీ ఒకదానికొకటి సరిపెట్టాలి. అది వెల్డింగ్ షాపులో గంటసేపటి పని కాదు. స్ప్రింగులు కోసి కారు కిందికి దింపడం ఇంకో పాగల్‌పన్. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, కానీ కదిలే జాగా తగ్గిపోతుంది. గుంత వస్తే దెబ్బ నేరుగా బాడీకి తగులుతుంది, మలుపులో చక్రం నేలను వదిలేస్తుంది. హాలోజెన్ కోసం చేసిన హెడ్‌లైట్ గిన్నెలో తెల్ల హెచ్‌ఐడీ బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద కాక ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడుతుంది. హైవే మీద యాక్సిడెంట్ వార్తలు ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. రాత్రి మార్చురీ బయట నిలబడి తండ్రి పేరు, వయసు అడిగి రాసుకోవడం నా నౌకరీ. అందుకే చెప్తున్నాను, మొదట టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్. బలం సంగతి అన్నిటికన్నా ఆఖర్న.

కానూన్ కూడా తెలుసుకోండి. 1988 మోటార్ వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా కేరళ నుంచి వెళ్ళిన కేసులో అదే ఖాయం చేసింది. అదే ఏడాది చట్టానికి సవరణ వచ్చి 182ఏ చేరింది. యజమాని అట్లాంటి మార్పు చేయిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా రెండూ. చప్పుడు, పొగ హద్దు దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జుర్మానా, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్ పోతుంది. దవాఖానాలు, స్కూళ్ళు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్. మన రిమ్స్ గోడ పక్కన బండి రయ్యిమనిపించే ముందు ఆ గోడ లోపల మన వాళ్ళు ఎంతమంది పడుకుని ఉన్నారో ఆలోచించండి. వేగమే కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో రేసు ట్రాకులు ఉన్నాయి. ఎన్‌హెచ్ 44 ట్రాకు కాదు.

నా కారులో ఆర్‌సీ మీది అక్షరం ఒక్కటి మారలేదు. అదే ఇంజిన్, అదే రంగు. పదిహేనేళ్ళు దాటాక 2016లో, 2021లో రెండుసార్లు ఫిట్‌నెస్‌లో నిలబడి రెన్యువల్ అయింది. 2022 ఏప్రిల్ నుంచి పాత కారు రెన్యువల్ ఫీజు 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 10,000 అన్నారు. 2026లో అదీ కట్టాలి. ఆ పేజీ మీద ఏ సిరాతో రాయాలో అప్పుడు చూద్దాం.

ఇప్పుడు దుల్హా భాయ్‌తో నా అసలు పేచీ. అది నా కారు గురించి కాదు, ఆయన చిన్న కొడుకు గురించి.

నా భాంజాకు పంతొమ్మిది. ఇంటర్ తప్పాడు. పోయిన సంవత్సరం వాడి బైకు సైలెన్సర్ కూడా పోలీసులు తీసుకున్నారు. ఇంట్లో వాడి పేరు "ఆవారా". అదే పిల్లవాడు నా కారు స్టార్ట్ చేసి అర నిమిషం కళ్ళు మూసుకుని విని, "మామూ, మూడో సిలిండర్ కొట్టట్లే" అన్నాడు. ప్లగ్ తీసి చూస్తే మూడోదే. రెండేళ్ళ నుంచి మా ఉస్తాద్ దగ్గరికి నాతో వచ్చి కూర్చుంటున్నాడు. ఉస్తాద్ ముప్పై ఏళ్ళలో ఎవ్వరినీ తారీఫ్ చేయలేదు, వీణ్ణి చేశాడు. "ఇస్కే హాథ్ మే హునర్ హై" అన్నాడు.

ఆ మాట నేను ఇంటికి మోసుకెళ్తే ఆపా గొంతు తగ్గించి అంది. "చుప్ రహో భయ్యా. మెకానిక్ అంటే రిష్తా ఎవరిస్తరు? చేతులకు నల్లగ ఆయిల్ పెట్టుకుని తిరిగేటోనికి ఎవరు బిడ్డనిస్తరు?" దుల్హా భాయ్ నిర్ణయం అప్పటికే అయిపోయింది. ఏజెంట్‌కు లక్షన్నర కట్టి గల్ఫ్ పంపుతున్నాడు. అక్కడ ఎవడి కారో కడగడానికి, ఎవడి పిల్లలనో స్కూలుకు దింపడానికి. ఊళ్ళో ఆయిల్ చెయ్యి ఐబ్, దుబాయిలో పరాయి కారు తుడిచిన చెయ్యి ఇజ్జత్!

మనది ఎట్లాంటి బిరాదరీ అంటే, వాట్సాప్‌లో అల్ జజరీ ఫొటో ఫార్వర్డ్ చేసి "ప్రపంచానికి ఇంజినీరింగ్ నేర్పింది మనమే" అని ఛాతీ విరుచుకుంటాం. ఆయన అర్తుకీ పాలకుల దర్బారులో పనిచేసి 1206లో యంత్రాల కితాబ్ పూర్తి చేసిన మాట నిజం. గుండ్రంగా తిరిగే చక్రంతో పిస్టన్లను ముందుకూ వెనక్కూ నడిపిన రెండు సిలిండర్ల నీటి పంపు ఆ కితాబ్‌లో ఉంది. ఇప్పటి ప్రతి కారు ఇంజిన్‌లో పిస్టన్‌కు, క్రాంక్‌కు మధ్య ఉన్న రిష్తా అదే జాతిది. కానీ జజరీ సాబ్ ఈ రోజు మన బస్తీలో షెడ్డు పెట్టుకుంటే, ఆపా ఆయనకు రిష్తా ఇవ్వదు.

దూరం ఎందుకు, మన పక్కనే చూడండి. కోనసముద్రం ఇప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఒక మామూలు ఊరు. ఒకప్పుడు అక్కడి ఉక్కు ముద్దల కోసం ఇరాన్ నుంచి సౌదాగర్లు వచ్చి కూర్చునేవారని 19వ శతాబ్దంలో చూసినవాళ్ళు రాసి పెట్టారు. దమిష్క్ తలవార్లని దునియా చెప్పుకునే వాటి వెనక ఉన్నది ఇట్లాంటి దక్కనీ ఉక్కే. నిర్మల్‌లో ఫిరంగులు పోత పోసిన కార్ఖానా ఉండేది. ఇనుమును వంచడం ఈ మట్టికి కొత్త కాదు, మనకు సిగ్గు కొత్త.

దీన్ మాటే కావాలంటే, హజ్రత్ దావూద్ అలైహిస్సలాంకు అల్లాహ్ ఇనుమును మెత్తగా చేసి ఇచ్చాడని, కవచం కడియాలను కొలత ప్రకారం చేయమన్నాడని సూరా సబాలో ఉంది. పైగంబర్, బాద్‌షాహ్ అయి ఉండి తన చేతి కమాయీ తిన్నారని హదీస్‌లో ఉంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం మదీనాలో గుర్రాల పందెం పెట్టించారు. తర్ఫీదు ఇచ్చి తయారుచేసిన గుర్రాలకు ఎక్కువ దూరం, మామూలు వాటికి తక్కువ దూరం. ఇప్పటి రేసుల్లో మాడిఫై చేసిన బండ్లకు ఒక క్లాసు, కంపెనీ బండ్లకు ఒక క్లాసు ఉన్నట్టే. సవారీని సిద్ధం చేయడం షైతాన్ పని అయితే ఆ పందెం జరిగేది కాదు.

సచార్ కమిటీ 2006లో ఏం చెప్పింది? మన వాళ్ళలో జీతం నౌకరీలు తక్కువ, సొంత చేతి పని మీద బతికేవాళ్ళు ఎక్కువ అని. ఆ చేతి పనినే మనం ఐబ్ అనుకుంటే ఇక మిగిలేది ఏంది? పైగా ఆ చిన్నచూపు వల్లే షెడ్లు ఇట్లా ఉన్నాయి. చదువు రాని పిల్లవాణ్ణి తెచ్చి షెడ్డులో పడేస్తాం. వాడికి పేరుండదు, "ఛోటూ". పద్నాలుగు ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టడం కానూన్ ఖిలాఫ్ అని తెలిసీ కళ్ళు మూసుకుంటాం. పదేళ్ళకు వాడు చెయ్యి తిరిగిన కారీగర్ అవుతాడు కానీ సర్టిఫికెట్ ఉండదు, కొత్త బండ్లలో కంప్యూటర్ స్కానర్ చదవడం రాదు. ఉస్తాద్ షెడ్డు ముందు నుంచే బండ్లు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళిపోతాయి. తప్పు ఎవరిది?

సర్కారీ ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ళ ట్రేడ్ ఉంది. పది పాసైతే చాలు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. ఎలక్ట్రిక్ బండ్ల సబక్ కూడా అక్కడే. పొద్దున ఐటీఐ, సాయంత్రం ఉస్తాద్ షెడ్డు. నా భాంజాకు నేను చెప్పిన రాస్తా ఇదే. ఖర్చు ఏజెంట్ లక్షన్నరలో పావు వంతు కాదు.

కాబట్టి నా మాట మూడు ముక్కల్లో పెడతాను.

బుజుర్గులకు: ఇస్రాఫ్ మీద బయాన్ చేయండి, తప్పక చేయండి. మొదటి బయాన్ షాదీఖానా గేటు ముందు పూలు కట్టిన కారు దగ్గర నిలబడి చేయండి. ఆ తర్వాత నా షెడ్డుకు రండి, చాయ్ తాగుతూ వింటాను.

నౌజవానులకు: శౌక్ ఉంటే పానా పట్టుకోవడం నేర్చుకోండి. డబ్బిచ్చి చప్పుడు కొనడం శౌక్ కాదు. మీ బండి గొంతు మీ మొహల్లాలో ఒక్క బీమార్‌ను నిద్ర లేపినా, మీ సైలెన్సర్ మీద రోడ్ రోలర్ ఎక్కిస్తే నేను ఫొటోతో సహా వార్త రాస్తాను. భాంజా అయినా సరే, రాశాను కూడా.

తల్లులకు: రిష్తా చూసేటప్పుడు అబ్బాయి చేతులు చూడండి. నల్లగా ఉంటే అడగండి, ఏం పని చేస్తావు బేటా అని. ఆ జవాబులో హునర్ ఉంటే, జహేజ్ అడగనంటే, అంతకంటే మంచి రిష్తా ఏముంది?

దుల్హా భాయ్, మీ చిన్నోడి వీసా ఇంకా రాలేదని ఆపా చెప్పింది. ఐటీఐ అడ్మిషన్ ఫారం నా దగ్గర ఉంది, నింపి పెట్టాను, మీ దస్తఖత్ ఒక్కటే తక్కువ. ఈ జుమ్మా నమాజ్ అయ్యాక నా డబ్బాలోనే వస్తాను. చప్పుడు చేయదు, భయపడకండి. మీరు ముందు సీట్లో కూర్చోండి, మీ కొడుకును నడపనివ్వండి. మావల దాకా పోయి వద్దాం. వచ్చాక కూడా ఇస్రాఫ్ అనిపిస్తే ఆ మాట మళ్ళీ అనండి, ఈసారి పది మంది ముందు కాదు, వాడి కళ్ళల్లోకి చూసి.

ఖుదా హాఫిజ్.